సింగడి కడుపు

ఏలీయా రెండో బకెట్టు నీళ్లు కూడా గేటు బయటే పోశాడు. గేటుకూ రోడ్డుకూ మధ్య నాలుగడుగుల మేర మట్టినేల తడిసింది. ఇంత ఫినాయిలు చల్లి, చీపురుతో ఒక పక్క నుంచి మరో పక్కకు తోశాడు. బోర్లు ఎండిపోయి, జమ్మలమడుగు జనమంతా ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టే ఎండాకాలంలో కూడా అతను ఈ పని మానలేదు. పశువుల ఆస్పత్రి వరండా కడగని రోజులున్నాయి గాని, గేటు బయట కడగని రోజు లేదు.

మూడు నెలల కింద కొత్తగా వచ్చిన డాక్టరు మహమూదా ఒకసారి అడిగింది.

"మట్టిని కడుగుతావేంది ఏలీయన్నా?"

"దుమ్ము లేస్తాది మేడం," అన్నాడు.

ఆ మాట తనకే నమ్మబుద్ధి కాలేదు.

యాభై ఆరేళ్ల మనిషి. బక్కపలచటి ఒళ్లు, మోచేతుల దాకా మడిచిన ఖాకీ చొక్కా. ఎప్పుడో ఎద్దు పగ్గంలో పడి నలిగిన ఎడమ బొటనవేలు పక్కకు వంగే ఉండిపోయింది. ఎనిమిదో తరగతి తప్పి, రోజుకూలీగా ఈ గేటులో అడుగుపెట్టినప్పుడు ఇరవై రెండేళ్లు. ఎంత పొగరుబోతు గిత్తయినా అతను మూపురం మీద చెయ్యి వేస్తే నెమ్మదించేది. ఎందరో డాక్టర్లు వచ్చారు, బదిలీ మీద పోయారు. ఏలీయా మాత్రం సిరంజీలు ఉడకబెడుతూ, గొర్రెలకు మందు తాపుతూ ఇక్కడే నెరిసిపోయాడు. ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు అయిపోయాయి. ఆదివారం భార్య దేవకుమారితో కలిసి చర్చికి పోతాడు. వెనక బెంచీలో కూర్చుంటాడు. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే వేళకు లేచి బయటికి వస్తాడు. ప్రభువు బల్ల దగ్గరికి పోయి ఏడేళ్లయింది. దేవకుమారి మొదట్లో అడిగేది. ఇప్పుడు అడగదు.

ఆ రోజు బేస్తవారం. పొద్దున కడుపుబ్బిన గొర్రెలు రెండు, పాలు చేపని గేదె ఒకటి వచ్చిపోయాయి. పులివెందుల బస్సు హారన్ వినబడగానే ఏలీయా చేతులు కడుక్కున్నాడు. రెండు వారాలకొకసారి ఆ బస్సులో పార్వతమ్మ వస్తుంది.

వచ్చింది. పొడుగాటి మనిషి, నీలం చీర, బొట్టు లేని నుదురు. నెత్తిన వెదురు గంప, దాని మీద కప్పిన పాత పంచె. కుక్కను ఎక్కనివ్వనని కండక్టర్లు గొడవ చేస్తారని, ఆమె గంపలో చింతపండు ఉందని చెబుతుంది. కండక్టరు జియావుల్లాకు ఆ చింతపండు మూలిగేది వినబడుతుంది. వినబడనట్టు టికెట్టు చించిస్తాడు.

ఏలీయా గంప దించుకొని పంచె తీశాడు. లోపల సింగడు. ఎర్రటి ఊరకుక్క, ముట్టె మీద తెల్లటి మచ్చ. ఎప్పుడొచ్చినా తోకైనా ఆడించేది. ఈసారి కళ్లు మాత్రం తిప్పింది. పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. కడుపులో నీళ్లు కదిలినట్టు గుడగుడమనే చప్పుడు వరండా మెట్ల దాకా వినబడుతోంది.

"మూన్నాళ్ల నుంచి నిలబడల్యా," అంది పార్వతమ్మ. "ఒకటే బేదులు. నిన్నట్నుంచి నెత్తురు గూడా పడతాంది."

సింగడి కడుపు సంగతి ఐదేళ్ల నాటిది. నాలుగు రోజులు బాగుంటుంది, ఐదో రోజు కక్కుతుంది, వారం బేదులవుతుంది. ముగ్గురు డాక్టర్లు మూడు జబ్బులు రాశారు. నులిపురుగుల మాత్రలు, తెల్లపొడి, ఎర్రనీళ్లు అన్నీ అయ్యాయి. ప్రతిసారీ మందు పొట్లం కట్టి, "గంజి తప్ప ఏం పెట్టొద్దమ్మా," అని చెప్పేది ఏలీయానే. ఆమె తలూపేది. ఇద్దరి మధ్యా అంతకు మించి మాట నడిచేది కాదు. నడవకపోవడానికి కారణం ఇద్దరికీ తెలుసు.

ఆమె భర్త ఆదినారాయణ ఏడేళ్ల కింద ఈ గేటు బయటే చచ్చిపోయాడు. పెద్ద ఫ్యాక్షనిస్టేమీ కాదు. తొండూరు దగ్గర పదెకరాల మెట్ట చేసుకునే రైతు. ఎన్నికల్లో తమ ఊరి నాయకుడు కూర్చోమంటే బూత్ ఏజెంటుగా కూర్చున్నాడు, దొంగ ఓట్లకు అడ్డం చెప్పాడు. మూడు వారాల తర్వాత, అప్పటికి పిల్లగా ఉన్న సింగడికి నులిపురుగుల మందు కోసం వచ్చి తిరిగిపోతుంటే జీపులో వచ్చిన ఎదుటి పార్టీ మనుషులు నలుగురు వేటకొడవళ్లతో నరికారు. పట్టపగలు. ఏలీయా ఆ వేళకు ఆస్పత్రిలోనే ఉన్నాడు. పోలీసులు అతన్ని మూడో సాక్షిగా రాసుకున్నారు.

రెండేళ్లకు కేసు కోర్టుకు వచ్చే ముందు ఇద్దరు మనుషులు ఏలీయా ఇంటికి వచ్చారు. దేవకుమారి ఇచ్చిన నీళ్లు తాగారు. పిల్లలు ఏ బడికి పోతారు, ఏ వీధిలో పోతారు అని నిమ్మళంగా అడిగారు. చెంబు కింద పెట్టి వెళ్లిపోయారు. అంతే. బోనులో నిలబడి, దేవుని ఎదుట ప్రమాణం చేసి, తాను లోపల మందుల గదిలో ఉన్నానని, ఏమీ చూడలేదని ఏలీయా చెప్పాడు. కేసు కొట్టేశారు. ఆ తర్వాత నెలకే పార్వతమ్మ కుక్కతో మొదటిసారి గేటు దాటి లోపలికి వచ్చింది.

ఇప్పుడు చంపించినవాడూ, ఆదినారాయణను బూత్‌లో కూర్చోబెట్టినవాడూ ఒకే పార్టీ. రాజీ అయిపోయింది. ఆస్పత్రి ప్రహరీ మీదున్న పోస్టరులో ఇద్దరూ ఒకే గజమాలలో నవ్వుతున్నారు. ఆమె రెండు వారాలకొకసారి ఆ పోస్టరు పక్కనుంచే నడిచివస్తుంది.

డాక్టరు మహమూదా కుక్క చిగుళ్లు చూసింది. మెడ మీద తోలు పట్టి లాగింది. లాగిన తోలు కిందికి దిగలేదు.

"ఒంట్లో నీళ్లే లేవు," అంటుండగానే సింగడు బల్ల మీద కక్కింది.

పచ్చటి నీళ్లు. వాటిలో సంగటి ముద్దలు, ఎండుమిరపకాయ తొక్క, చిన్న ఎముక చీలిక. ఏలీయా దూదితో తుడవబోయాడు. డాక్టరు అతని చెయ్యి ఆపింది.

"ఏం పెడతాండావమ్మా దీనికి?"

"గంజి."

"గంజిలోకి ఎముక యాడ్నుంచి వచ్చె?"

పార్వతమ్మ గోడ వైపు చూసింది. "ఆయనకు పెట్టింది తింటాది," అంది.

"ఎవరాయన?"

"మా ఇంటాయన."

"ఇంత కారం, ఎముకలు కుక్కకు వేస్తే దాని పేగులు ఏమైపోవాల? పళ్లెంలోది దానికి వెయ్యొద్దని ఆయనకు గట్టిగా చెప్పు. వినకపోతే ఈసారి ఆయన్నే పిలుచుకొని రా. నేను చెప్తా."

ఏలీయా తన వంకర బొటనవేలి వైపు చూస్తూ నిలబడ్డాడు.

"సరేమ్మా," అంది పార్వతమ్మ.

డాక్టరు ముందుకాలి నరం వెతికి సూది ఎక్కించింది, గ్లూకోజు సీసా వేలాడదీసింది. అంతలో రాజుపాలెం వైపు నుంచి ఒక రైతు మోటారుసైకిలు మీద వచ్చాడు. ఆవుకు దూడ అడ్డం తిరిగిందట. ఆమె పెట్టె సర్దుకుంటూ ఏలీయాను పక్కకు పిలిచింది.

"మాపటిదాకా నిలిస్తే చూద్దాం. ఆశ పెట్టుకోవద్దని ఆమెకు నువ్వే చెప్పు."

మోటారుసైకిలు వెళ్లిపోయింది. గదిలో ఇద్దరూ, బల్ల మీద కుక్కా మిగిలారు. ఏలీయా సీసా కింద చక్రం తిప్పి చుక్కల వేగం తగ్గించాడు. పార్వతమ్మ స్టూలు మీద కూర్చొని సింగడి చెవులు నిమురుతోంది.

"ఆయమ్మకు తెలీదు గదా," అంది. "పాపం, మంచిదే."

"మంచిదేనమ్మా."

"ఒంటిగంటకు ఆయన పళ్లెం పెట్టకపోతే నాకు ముద్ద దిగదు ఏలీయా. సంగటి, ఊరుబిండి పచ్చడి, ఆదివారమైతే మాంసం. కాకికి పెడితే తిని ఎగిరిపోతాది. ఇదైతే ఆయన కూర్చునే జాగాలోనే కూర్చోని తింటాది. తిని, నా మొగం చూస్తాది. కక్కుతాదని తెలుసు. తెలిసే పెడతా. మర్నాడు మళ్లా పెడతా."

"నాకూ తెలుసమ్మా."

ఆమె తలెత్తింది.

"మొదట్నుంచీ తెలుసు. దీని వాంతి ఎత్తేసేది నేనే గదా. డాక్టర్లు చూడకముందే తుడిచి పారేస్తాంటి."

"తెలిసి యాల చెప్పల్యా?"

"చెప్తే కుక్క బాగైతాది. బాగైతే నువ్వు రావు."

"నేనొస్తే నీకేమి?"

ఏలీయా కిటికీ దగ్గరికి పోయాడు. అక్కడి నుంచి గేటు కనబడుతుంది. పొద్దున కడిగిన నేల ఎప్పుడో ఆరిపోయింది. ఆ గేటుకు గొళ్లెం లేదు. ఏడేళ్ల కింద తానే రంపంతో కోసి పారేశాడు. రాత్రిళ్లు తాడుతో కడతాడు. అయినా ఒక్కోసారి గిత్తలను కట్టేస్తున్నప్పుడో, గొర్రెల నోట్లో గొట్టం పెడుతున్నప్పుడో వెనకనుంచి ఆ గొళ్లెం పడిన చప్పుడు వినబడుతుంది. తిరిగి చూస్తే ఏమీ ఉండదు.

"కోర్టులో నేను లోపల ఉండానని చెప్పినా," అన్నాడు. "లోపల లేను. గేటు కాడ ఉండా. జీపు ఆగింది. ఆయన గేటుకు అవతల, నేను ఇవతల. ఈ కుక్కపిల్లను నా చేతుల్లో పెట్టినాడు. 'పట్టుకో ఏలీయా' అన్యాడు. నేను పట్టుకున్యా. పట్టుకొని..."

పార్వతమ్మ చెయ్యి కుక్క చెవి మీద ఆగింది.

"పట్టుకొని, గొళ్లెం పెట్టినానమ్మా. రెండడుగులు. ఆయన రెండడుగులు వేసింటే లోపలికొచ్చేవాడు. నేను పెట్టేసినా. నేను పెట్టేది ఆయన చూసినాడు."

సీసాలో బుడగ ఒకటి పైకి లేచింది. రోడ్డు మీద ఏదో పార్టీ ఆటో మైకు పెట్టుకొని పోయింది. ఆ మోత దూరమయ్యేదాకా ఆమె కదల్లేదు. తిడుతుందని ఏలీయా ఎదురుచూశాడు. మన్ను ఎత్తి మొహాన కొడుతుందనుకున్నాడు. ఏడేళ్లుగా అతను కోరుకున్నది అదే.

"ఎవరు నరికినారో నాకు తెలుసు," అంది ఆమె. "కోర్టు ఉన్యా ఒకటే, లేకపోయినా ఒకటే. దానికి రాలేదు నేను. ఆఖరున ఆయన్ని చూసిన మనిషివి నువ్వు. ఏమన్నా అన్యాడా అని అడగాలని వస్తాంటి. వచ్చినప్పుడల్లా నోరు రాకపాయ."

ఏలీయా ఆమె వైపు తిరిగాడు.

"జీపు రాకముందు ఏం మాట్లాడతాండె?" అని అడిగింది.

"కుక్క గురించేనమ్మా. మాత్ర చేతిలో పెట్టుకొని, 'ఇది కూడు పెట్టినాక వెయ్యల్లా, ముందు వెయ్యల్లా?' అని అడిగినాడు."

"నువ్వేమంటివి?"

"చెప్పేలోపే జీపు వచ్చె."

"ఇప్పుడు చెప్పు."

"ముందే వెయ్యాలమ్మా. పరగడుపున."

ఆమె తలూపింది. ఇంటికి పోయి ఆ మాట ఎవరికో చెప్పాల్సి ఉన్నట్టు, మరిచిపోకుండా పెదాల్లోనే ఒకసారి అనుకుంది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకొని వంగిపోయింది. భుజాలు మాత్రమే కదిలాయి. ఏలీయా దగ్గరికి పోలేదు. పోయే హక్కు తనకు లేదనుకున్నాడు.

రెండు గంటలప్పుడు సింగడు మెడ ఒకసారి ఎత్తింది. పార్వతమ్మ అరచెయ్యి వాసన చూసింది. మళ్లీ తల ఆ చేతిలోనే పెట్టుకుంది. కడుపులో గుడగుడ ఆగిపోయింది. ఆ చప్పుడు ఆగిందని ముందు ఏలీయాకే తెలిసింది. వచ్చి, పక్కటెముకల మీద చెయ్యి పెట్టి చూశాడు. చక్రం తిప్పి సీసా ఆపేశాడు.

"అయిపోయిందమ్మా."

"నొప్పి ల్యాకుండా పోయింది," అంది ఆమె. అది ప్రశ్నో, మాటో అతనికి తెలియలేదు.

ఆస్పత్రి వెనక, సర్కారుతుమ్మ చెట్ల మధ్య నేల రాయిలా ఉంది. ఏలీయా గడ్డపారతో తవ్వాడు. మోకాటి లోతు వచ్చేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. పంచెలో చుట్టిన సింగడిని ఇద్దరూ కలిసి దించారు. ఇద్దరి చేతులూ ఒకే బరువును పట్టుకోవడం అదే మొదటిసారి. ఆమె మూడు పిడికిళ్ల మన్ను వేసింది. అతను తక్కింది పూడ్చాడు, పైన ముళ్లకంప పరిచాడు, నక్కలు తవ్వకుండా.

"ఇంక మధ్యాన్నం పళ్లెం ఏం చేస్తావమ్మా?" అని అడిగాడు. అడిగాక, ఎందుకు అడిగానా అనుకున్నాడు.

ఆమె చేతుల మన్ను దులుపుకుంది.

"నేనే తింటా," అంది.

గోడ వెనక పక్క కూలిపోయిన చోటు నుంచి బస్టాండుకు అడ్డదారి ఉంది. ఆమె ఆ దారినే, కాలి కింది ముళ్లు చూసుకోకుండా నడిచిపోయింది. వస్తానని చెప్పలేదు. రానని కూడా చెప్పలేదు. నీలం చీర తుమ్మచెట్ల మధ్య కాసేపు కనబడి, తర్వాత కనబడలేదు.

ఏలీయా గడ్డపార కడిగి మూల నిలబెట్టాడు. బల్ల తుడిచాడు. నాలుగున్నరకు పులివెందుల బస్సు హారన్ కొట్టింది. అతను వరండాలోకి వచ్చి, అది వెళ్లిపోయిన చప్పుడు మొత్తం విన్నాడు. అప్పుడు చూశాడు. గది గడప బయట ఆమె పొద్దున విడిచిన రబ్బరు చెప్పులు, ఒకదాని తెగిన పట్టీకి పిన్నీసు, ఇంకా లోపలికి రాబోతున్నట్టే గది వైపు తిరిగి ఉన్నాయి.