ఒక్క పూట నెమ్మదించిన గుండె

రెండేళ్ల క్రితం గుండెపోటు నుంచి బయటపడ్డాక గంగులు సముద్రం మీదికి వేటకు వెళ్లలేదు. ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసేవాడు. భార్య గురమ్మ చేపల గంప ఎత్తుకుని కోటబొమ్మాళి వెళ్లి అమ్ముకొచ్చేది. కాళ్ల వాపు తగ్గడానికి డాక్టరిచ్చిన నీటి మాత్రలు అతను ఒక్క పూట కూడా మానలేదు.

ఈ వానాకాలం వాంతులు, విరేచనాలు పట్టుకుని మనిషి వాడిపోయాడు. పిక్కలు పట్టేసి మెలికలు తిరుగుతుంటే గురమ్మ నూనె రాసి మర్దన చేసింది.

"ఏటయ్యా, తగ్గినాదా?"

"కాళ్లు సరేనే. గుండె ఆగి ఆగి కొట్టుకుంటన్నాది. బయమేస్తన్నాదే."

ఒకప్పుడు వేటలో పడవ తిరగబడిన రోజు కూడా అతని నోట భయమన్న మాట రాలేదు. గురమ్మ మరిది గంగరాజును కేకేసింది. ఇద్దరూ కలిసి గంగులును ఆటోలో శ్రీకాకుళం ఆసుపత్రికి చేర్చారు.

డాక్టర్ అనూరాధ పరీక్షలు చూసి, "రక్తంలో మెగ్నీషియం బాగా పడిపోయిందమ్మా. విరేచనాల్లో కొంత, నీటి మాత్రల వల్ల కొంత పోయింది. అది తగ్గితే గుండె లయ తప్పుతుంది. ఎక్కిస్తున్నాం" అంది.

మందు ఎక్కాక గుండె నెమ్మదించింది. సాయంత్రం గంగులు లేచి కూర్చుని గంజి తాగాడు. "అన్నీ కక్కేశాక ఇదెంత రుసిగా ఉన్నాదే!" అన్నాడు. గురమ్మ నవ్వింది.

మర్నాడు పొద్దున ఆమె టీ పట్టుకొచ్చేసరికి మంచం చుట్టూ నర్సులున్నారు. మళ్లీ గుండెపోటు. ఎంత ప్రయత్నించినా అతను దక్కలేదు.

"ఆ మందు పనిసేసినాది కదమ్మా? మరెందుకు పోనాడు?" గురమ్మ డాక్టరు చేయి వదల్లేదు.

"లయ సరైందమ్మా. కానీ గుండెకు రక్తం తీసుకెళ్లే నాళం మళ్లీ మూసుకుపోయింది. దాన్ని తెరవడం మెగ్నీషియం వల్ల అయ్యే పని కాదు."

గంగరాజు ముందుకొచ్చి, "నానూ ఆ నీటి మాత్రలే మింగుతన్నానమ్మా" అన్నాడు.

"అయితే మీరూ రక్తపరీక్ష చేయించుకోండి" అంది అనూరాధ.

"అన్నని ఒగ్గేసి ఇప్పుడెలాగెల్తాను?"

"ఎల్లు గంగరాజూ," అంది గురమ్మ. "ఇక్కడ నానున్నాను. నువ్వు కూడా పోతే నాను ఓర్సుకోనేను."

అతను వెళ్లాక ఆమె గోడకు చేరగిలబడి, అప్పటిదాకా రాని ఏడుపంతా ఏడ్చింది. గంగరాజు మోచేతి మీద దూది అదుముకుంటూ తిరిగొచ్చాడు. ఇద్దరూ కలిసి గంగులును ఇంటికి తీసుకెళ్లారు.