ఎత్తు మీద కూర్చుని తాగాల్సిన మందు

“చక్కెర తక్కువైంది,” అన్నాడు మా ఆయన గరికాయ్, నేను మోకాళ్ళ మీద కూర్చుని టీ అందిస్తే. పద్నాలుగేళ్ళ కాపురంలో ఎప్పుడూ ఏదో ఒకటి తక్కువే. ఆ రోజు మాత్రం నాకు ఏడుపొచ్చింది. చక్కెర కోసం ఎవరైనా ఏడుస్తారా? నేను ఏడ్చాను.

అప్పటికి ఆర్నెల్లుగా అంతే. తెల్లవారకముందే మెలకువ, గుండెదడ, లేవబుద్ధి కాకపోవడం. అయినా లేవాలి. లేవకపోతే పొయ్యి ఎవరు రాజేస్తారు? నీళ్ళు, జావ, పిల్ల జడ, ఆపైన తోటలో తేయాకు కోత, తూకం. అక్కడ మేస్త్రీ “నిద్రపోతున్నావా తల్లీ?” అంటూ నలుగురిలో నవ్వుతాడు. మా షోనా జాతివాళ్ళు దీన్ని అతిగా ఆలోచించే జబ్బు అంటారు. “పనుంటే ఆలోచనలెక్కడివి?” అనేది అత్తయ్య. నాకు పని లేదట!

క్లినిక్‌లో నర్సు బిళ్ళలిచ్చి, “ఎస్నాతి అవ్వ దగ్గర కాసేపు కూర్చుని రా,” అంది. అవ్వ పదిమంది గోడు వినే మనిషి. కొండవాలులో జుంబాని అనే మందాకు కోసి ఆరబెట్టి, అడిగినవాళ్ళకు ఇస్తుంది. నన్ను చూసి “చెప్పు,” అంది. పొద్దు వాలేదాకా చెప్పాను. ఒక్కసారి కూడా “సర్దుకుపో” అనలేదు. అంతా విని, “రేపు మీ ఆయన్ని తీసుకురా,” అంది.

మర్నాడు ఆకు కట్ట గరికాయ్ చేతిలో పెట్టింది. “ఇదిగో అల్లుడూ, ఈ ఆకు ఎవరికి వాళ్ళు కాచుకుంటే పనిచెయ్యదు. కట్టుకున్నవాడే కాచాలి. ఆవిడ ఎత్తు మీద కూర్చుని తాగాలి. నేల మీద కూర్చుందా, మందంతా మోకాళ్ళలోకి దిగిపోద్ది! బిళ్ళలు మాత్రం మానిపించకు.”

మా వంటగుడిసెలో అరుగు మగవాళ్ళది. పొయ్యి పక్క నేల మాది. తెల్లారి నేను అరుగెక్కితే కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గరికాయ్ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఊదుతున్నాడు. పొగే తప్ప మంట లేదు. “రోజూ ఎలా రాజేస్తావే దీన్ని?” అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. కప్పు అందించి, “ఎలా ఉంది?” అని అడిగాడు.

“చక్కెర తక్కువైంది,” అన్నాను. ఇద్దరం పగలబడి నవ్వాం. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది.

రెండు నెలలకి నిద్ర పట్టసాగింది. మేస్త్రీకి జవాబిచ్చాను, తూకం దగ్గర ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. పొద్దున్నే ఆ అరుగు కోసమే సంతోషంగా లేస్తున్నాను.

అప్పుడు అత్తయ్య చెప్పాపెట్టకుండా ఊరి నుంచి దిగింది. జలుబుకీ జ్వరానికీ ఆ ఆకు కాచుకుని తాగుతూ పెరిగిన మనిషి. దానికి ఏ నియమమూ లేదని ఆవిడకు తెలుసు. ఒక్క మాట అంటే చాలు, నా పొద్దులు పోతాయి.

గుమ్మంలో నిలబడి కొడుకునీ, నన్నూ చూసింది. “ఏంట్రా ఇది?”

“కట్టుకున్నవాడే కాచాలంటమ్మా. లేకపోతే పనిచెయ్యదంట,” అన్నాడు గరికాయ్, ఎంతో శ్రద్ధగా గిన్నె కలుపుతూ.

కిందికి దిగిపోవాలనిపించింది. దిగకూడదనుకున్నాను. కప్పు గట్టిగా పట్టుకుని అక్కడే కూర్చున్నాను.

అత్తయ్య నా మొహంలోకి చూసింది. చెప్పులు విడిచి లోపలికొచ్చింది.

“ఈ నియమం మీ నాన్నకి చెప్పినవాళ్ళు లేకపోయార్రా,” అంది. అరుగు దగ్గరకొచ్చి నా మోకాలు తట్టింది. “కాస్త జరుగు.”