సోడియం లేని సమీకరణం

నేను ఒక ముదురు గోధుమరంగు గాజు సీసాను. కెమిస్ట్రీ లెక్చరర్ విశ్వపతి మీద నాకున్న కసి నేను ముక్కలైనా చావదు. ముందే చెప్పేస్తున్నాను.

ఎక్కడో కొలిమిలో పుట్టాను. వెలుతురు తగిలితే నల్లబడే సిల్వర్ నైట్రేట్‌ను నాలో పోసి, కైకలూరు దగ్గర ఒక జూనియర్ కాలేజీ బీరువాలో పెట్టారు. బతుకంతా చీకటే. తలుపు తీసే చెయ్యి ఒక్కటే, అటెండర్ ఏసుపాదంది. నా చుక్కలు పడి అతని వేలికొసలు మచ్చలు కట్టాయి. ఏడో తరగతిలో బడి మానేసిన మనిషి. పదిహేడేళ్ళు విశ్వపతి బోర్డు తుడిచి తుడిచి సమీకరణాలన్నీ నేర్చుకున్నాడు. రాసినవాళ్ళు మరిచిపోతారు గానీ తుడిచినవాడు మరిచిపోడు.

"నీళ్ళలో ఉప్పు ఉప్పులా ఉండదర్రా! సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడిపోయి తిరుగుతుంది. సిల్వర్ నైట్రేట్ వేస్తే వెండీ క్లోరైడూ కలిసి తెల్లగా అడుగుకి దిగుతాయి. సోడియం, నైట్రేట్ ఉత్త ప్రేక్షకులు. సమీకరణంలో రెండువైపులా కొట్టెయ్యండి," అనేవాడు విశ్వపతి.

ఏసుపాదం పొలం పక్కనే సత్తిరాజు రొయ్యల చెరువు తవ్వి ఉప్పునీరు పెట్టాడు. రెండేళ్ళకి వరి ఎర్రబడి చచ్చింది. చెరువు మూయించాలని ఏసుపాదం ఊరి పెద్దల్ని కూర్చోబెట్టాడు. నన్ను క్యారేజీ సంచిలో పెట్టుకుని వెళ్ళాడు. పెద్దల్లో విశ్వపతి కూడా ఉన్నాడు. ఆయన అద్దెకుండేది సత్తిరాజు మేడమీదే.

పొలంలో నిలిచిన నీళ్ళు గాజుగొట్టంలో పోసి, నాలో మిగిలిన నాలుగు చుక్కలూ వేశాడు. పాలు విరిగినట్టు తెల్లగా దిగింది. అందరూ ముందుకి వంగారు. అక్కడితో ఆగినా బాగుండేది. ఋజువు ఉండాలని, నేర్చుకున్నది నేర్చుకున్నట్టే కాగితం మీద రాసిచ్చాడు:

Ag⁺ + Cl⁻ → AgCl

సత్తిరాజు కాగితం అటూ ఇటూ తిప్పాడు. "ఉప్పంటే సోడియం క్లోరైడని నేనూ టెన్తులో చదివాన్లేవోయ్! ఇందులో సోడియం ఏదిరా ఏసుపాదం? అదీ నా రొయ్యలే తినేశాయా?"

అంతా గొల్లున నవ్వారు.

"కొట్టేశానండి. అది ఊరికే చూస్తా ఉంటదండి, అంతే."

"విన్నారుగా! ఆడే కొట్టేశానంటన్నాడు."

ఏసుపాదం విశ్వపతి వైపు తిరిగాడు. "మాస్టారూ, తమరు చెప్పిందే కదండీ. ఒక్క ముక్క చెప్పండి బాబూ."

విశ్వపతి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. ఊరికే చూస్తూ కూర్చున్నాడు.

కాగితంలో సోడియం లేదు కాబట్టి పొలంలో ఉప్పు లేదని పెద్దలు తేల్చారు.

నన్ను తెచ్చి బీరువాలో పెడుతూ ఏసుపాదం నా మెడ కాసేపు వదల్లేదు. పంట లేని పొలాన్ని ఆ వేసవిలో సత్తిరాజుకే రాసిచ్చి, కాలేజీ పనీ మానుకుని, వాచ్‌మన్ పనికి హైదరాబాదు పోయాడు. ఖాళీ సీసా ఎందుకని నన్ను ల్యాబు వెనక పారేశారు. ఇప్పుడు నాలో వాననీళ్ళు. ఎండ ఎంత కాసినా నల్లబడడానికి ఏమీ మిగల్లేదు. కిటికీలోంచి విశ్వపతి గొంతు ఏటా వినబడుతూనే ఉంటుంది: "ప్రేక్షకుల్ని కొట్టెయ్యండి."

పిల్లలు కొట్టేస్తారు. ఏసుపాదానికి పోయింది మాత్రం ఎకరం పన్నెండు సెంట్లు.