కట్టేసిన ఎడ్లు

కంది కోసిన చేనులో మొదట అడుగుపెట్టేది ఆ రైతు ఇంటి ఎడ్లే. పెద్దేముల్ చుట్టుపక్కల పల్లెల్లో ఎవరూ చెప్పకుండానే నడిచే ఆచారమది. రాలిన ఆకు వాటిది, విరిగిన రెమ్మ వాటిది, గింజ జారిన కాయ వాటిది. ఏడాది పొడుగునా మెడ వంచిన జీవికి చేను పెట్టే మొదటి ముద్ద అది. ఆ తరువాతే గొర్లమంద దిగుతుంది. మేసి, రాత్రికి అక్కడే పడుకొని, నల్లరేగడికి ఎరువునిచ్చి వెళ్తుంది.

ఆనాడు రైతు మొగులప్ప ఇంటి ముందు ఎడ్లు రెండూ కట్టుకొయ్యకే ఉన్నాయి. వాటి ముందు ఎండు జొన్నచొప్ప ఉంది. ఇంటి పక్కనే, నాపరాళ్లు నిలిపి కట్టిన కంచెకు అవతల, కోత మిషన్ అప్పుడే కోసి వెళ్లిన కందిచేను ఉంది. ఆ చేనులోకి ఆ ఎడ్లను ఎవరూ వదలలేదు.

కరుణ ఆ ఎడ్లను చూసింది. చూసి, పట్టించుకోలేదు.

ఆ ఊరి గొర్లకాపరి చెన్నయ్య కూతురు కరుణ. ఆ ఇంట విశ్వవిద్యాలయం మెట్లెక్కిన మొదటి మనిషి. హైదరాబాదులో పర్యావరణ శాస్త్రం చదువుతోంది. మనుషులు తమ తిండిని పండించుకునే తీరు నేలను, నీటిని, జీవాలను ఏం చేస్తోందన్నది ఆమె పరిశోధన. అందుకోసమే తోటి విద్యార్థులతో వికారాబాదులో గది తీసుకుంది. పొద్దున రైలెక్కి తాండూరు వైపు పల్లెలకు వచ్చి, చేల మట్టిని సంచులకెత్తి, రైతులను ప్రశ్నలడిగి, మళ్లీ రైలెక్కి వెళ్తోంది. ప్రశ్నలకు ముందు ప్రతి రైతుకూ ఒక మాట ఇవ్వాలి: మీరు చెప్పింది మీ పేరుతో ఎక్కడా బయటపెట్టము. ఆ భరోసా లేనిదే నిజం పెదవి దాటదని ఆమె అధ్యాపకురాలు శ్యామల నేర్పింది.

మొగులప్పకూ ఆ మాట ఇచ్చింది. ఆయన మట్టి సంచులను చూసి నవ్వాడు.

"పట్నంల మన్నుకు గూడ గిరాకీ వచ్చిందా బిడ్డ? ముందుగాల జెప్పరాదు, కంది ఎందుకేస్తుంటి, మన్నే అమ్ముకుంటుంటి."

ఆయన భార్య భీమమ్మ చాయ తెచ్చింది. చాయ తాగుతూ మొగులప్ప గొంతు తగ్గించాడు. కోతకు కూలీలు దొరకలేదు. మిషన్‌తో కోయాలంటే చెట్టు పచ్చిగా ఉండకూడదు. అందుకని మందుల దుకాణం వాడు చెప్పినట్టు, గడ్డిని చంపే మందును నిలబడ్డ కంది మీదే కొట్టించాడు. చేను చేనంతా మంట తగిలినట్టు మాడింది. మిషన్ సాఫీగా కోసింది. కంది ట్రాక్టరెక్కి తాండూరు మార్కెట్‌కు పోయింది. ఈ సంగతి పొక్కితే తన పంటను కొనేవాళ్లు చూసే చూపు మారుతుందని, ఎవరితోనూ అనవద్దని ఆయన బతిమాలాడు. అననని కరుణ మరొక్కసారి మాట ఇచ్చింది.

మధ్యాహ్నం తాండూరులో రైలెక్కి, మట్టి సంచులను ఒళ్లో పెట్టుకొని కిటికీ పక్కన కూర్చుంది. రైలు ధారూర్‌కు దగ్గరవుతుండగా తల్లి సుమిత్రమ్మ ఫోన్ చేసింది. తిన్నావా అని అడిగింది, ఎండలో తిరగకు అని కసిరింది, మాటల నడుమ ఇంకో మాట చెప్పింది. నాయన పొద్దుగూకేసరికి మందను మొగులప్ప చేనులో దింపుతున్నాడట. మొగులప్పే కబురు పంపాడట.

కరుణ కళ్ల ముందు కట్టుకొయ్య మెదిలింది. జొన్నచొప్ప మెదిలింది. పక్కనే అంత మేత ఉండగా ఎండు చొప్ప నములుతున్న ఎడ్లు మెదిలాయి. మొగులప్పకు తెలుసు. తెలిసే తన పశువులను ఆపుకున్నాడు.

వెంటనే తండ్రికి ఫోన్ చేసింది.

"నాయినా, మందను గా చేన్ల దింపకు."

"ఎందుకు బిడ్డ?"

ఎందుకో చెప్పబోయింది. ఇచ్చిన మాట గుర్తొచ్చి ఆగింది. ఊరికే, వద్దంటే వద్దు, అంది.

చెన్నయ్య నవ్వాడు. "ఏటేటా దింపే చేనే గద. మొగులన్న కబురంపినంక పోకుంటె మంచిగుంటదా? నీ సదువు నువ్వు సదువుకో, నా గొర్లను నేను మేపుకుంట."

ఫోన్ తెగిపోయింది. మళ్లీ చేస్తే కలవలేదు. మళ్లీ మళ్లీ చేసింది, కలవలేదు.

ధారూర్ స్టేషన్‌లో దిగిపోయింది. ప్లాట్‌ఫారం మీద నిలబడే శ్యామలకు ఫోన్ చేసి, పేరు చెప్పకుండా జరిగినదంతా చెప్పింది. శ్యామల విని, మనం దాస్తామన్నది మనిషి పేరునే తప్ప ప్రమాదాన్ని కాదు అంది. ముందు ఆయన నోటే చెప్పించమంది. ఆయన నోరు విప్పకపోతే నువ్వు విప్పు, తప్పు నా మీద వేసుకుంటాను అంది.

తాండూరు బస్సు దొరికింది. కిటికీ బయట కందిచేలు వరుసకట్టి వెనక్కి పోతున్నాయి. ఏది కాలం వచ్చి ఎండింది? ఏది మందు తాగి మాడింది? ఎంత చూసినా ఆమెకు తెలియలేదు. తరగతిలో విన్నవి ఒకటొకటిగా గుర్తుకొచ్చాయి. ఆ జాతి మందుల్లో ఒకటి మనిషి కడుపులోకి పోతే విరుగుడు లేదు. కొట్టిన చేనులోకి పశువులను తోలరాదని డబ్బా మీద చీమంత అక్షరాల్లో ఉంటుంది. ఆ అక్షరాలు ఎవరు చదువుతారు? మంద చదువుతుందా? పరీక్షలో ఈ జవాబుకు ఆమెకు మంచి మార్కులే వచ్చాయి.

పెద్దేముల్‌లో బస్సు దిగి ఊరికి షేర్ ఆటో ఎక్కింది. సీట్లు నిండితే గాని బండి కదలదన్నాడు డ్రైవర్ బాల్‌రాజ్. "జర ఓపిక పట్టక్కా, ఊరేమన్న లేచి పోతదా?" అని నవ్వాడు. ఊరు ఎక్కడికీ పోదు. పొద్దు మాత్రం పోతోంది.

ఆమె చేరేసరికి సూర్యుడు నాపరాళ్ల అంచు మీద ఉన్నాడు. మొగులప్ప వాకిట్లో నిలబడి ఉన్నాడు. దూరంగా ధూళి లేచింది. ధూళిలోంచి గంటల చప్పుడు వస్తోంది.

"పెద్దనాయినా, మా నాయినకు చెప్పు."

"దుకాణపోడు ఏం గాదన్నడు బిడ్డ."

"మరి ఎడ్లనెందుకు కట్టేసినవ్?"

మొగులప్ప తల వంచుకున్నాడు. గంటలు దగ్గరయ్యాయి. మొగుడి ముఖం చూసి, గడపలో నిలబడ్డ భీమమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కరుణ పరుగెత్తింది. కంచెలో మంద దిగే సందు దగ్గర, రెండు నాపరాళ్ల మధ్య, చేతులు బార్లా చాచి నిలబడింది. గొర్లు ఆమె మోకాళ్లకు తగిలి ఆగాయి. వెనుకవి తోస్తున్నాయి, ముందువి అరుస్తున్నాయి. ఒక బొల్లి మేక ఆగలేదు. రాతి మీదుగా ఎగిరి అవతల దూకి, మాడిన ఆకులో మూతి పెట్టింది.

పక్కకు జరగమని చెన్నయ్య కసిరాడు. పిచ్చి పట్టిందా అన్నాడు. కరుణ జరగలేదు.

"నాయినా, పెద్దనాయిన ఎడ్లు ఎక్కడున్నయో సూడు."

చెన్నయ్య చూశాడు. కట్టుకొయ్యను చూశాడు, జొన్నచొప్పను చూశాడు, కోసిన చేనును చూశాడు. జీవాలతో బతికిన మనిషికి అంతకన్నా చెప్పనక్కరలేదు. కట్టె అడ్డం పెట్టి మందను వెనక్కి తిప్పాడు. చేనులోకి దిగి మేకను చెవి పట్టి ఈడ్చుకొచ్చి మూతి కడిగాడు. ఆ తరువాతే మొగులప్ప వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు.

"నీ ఎడ్లను కట్టేసుకున్నవ్ అన్నా. నా జీవాలకు కబురంపినవ్."

మొగులప్ప అక్కడే, మట్టిలోనే, కూలబడ్డాడు.

మేకను మంద నుంచి వేరుగా కట్టారు. మొదట బాగానే ఉంది. తరువాత మేత మానింది, మూతి పుండ్లు పడింది, ఊపిరి అందక ఎగపోసింది. ఆ వారం దాటలేదు. ఆ ఆకే చంపిందని పశువైద్యుడు గట్టిగా చెప్పలేకపోయాడు. కాదనీ చెప్పలేకపోయాడు.

మేకను పూడ్చేచోటికి మొగులప్ప వచ్చాడు. పార అందుకొని తానే మట్టి కప్పాడు. కప్పి, కరుణ దగ్గరికి వచ్చి అడిగాడు.

"బిడ్డ, మేక రెండు పుడకలే తిన్నది. మేము ఇంటికి ఉంచుకున్న కొత్త కందిపప్పు రోజూ తింటున్నం. మా కోడలు ఒట్టి మనిషి గాదు. మాకేమైతది?"

కరుణకు జవాబు తెలియదు. తెలియదనే చెప్పింది. గింజను పరీక్షకు పంపుతానని, ఫలితం వచ్చేదాకా ఆ పప్పు వండవద్దని చెప్పింది. మొగులప్ప తల ఊపాడు. అంతలో ఆయనకు ఇంకో సంగతి తోచింది. మార్కెట్‌కు పోయిన కంది మాటేమిటి? అది ఏ మిల్లుకు చేరిందో, ఏ పట్నంలో ఏ తల్లి దాన్ని ఉడికించి బిడ్డకు మెత్తగా కలిపి పెడుతోందో, ఇక ఎవరు చెప్పగలరు? పాఠకులారా, అది మీ ఇంటి కుండలో ఉందో లేదో ఈ కథ రాసిన వారికీ తెలియదు.

మరునాటి పొద్దున, షేర్ ఆటోలు ఆగేచోట పదిమంది రైతులు చాయ తాగుతుండగా, మొగులప్ప నడుమకు వచ్చి నిలబడ్డాడు. తాను ఏ మందు కొట్టించాడో, ఎందుకు కొట్టించాడో, ఎడ్లను ఎందుకు కట్టేశాడో, ఏదీ మింగకుండా చెప్పాడు. అలాగే కొట్టించిన ఇద్దరు ముగ్గురి గ్లాసుల్లో చాయ చల్లారిపోయింది.

ఆయన కరుణ వైపు తిరిగి, తన పేరు ఇక దాచనక్కరలేదన్నాడు. తరువాత అందరికీ వినపడేలా, మెల్లగా అన్నాడు:

"మన ఎడ్లకు ఎయ్యనీకె భయమైనదాన్ని, ఇంకొకరి కంచంలకు పంపొద్దు."