గీత తొక్కితే అవుట్

దూరదేశపు బడి నుంచి వచ్చిన ఉత్తరాన్ని హెడ్మాస్టరు నాలుగుసార్లు చదివాడు గానీ, ఒక్క వాక్యం మాత్రం ఆయన కంటికి ఆనలేదు. 'మీ పిల్లలు రోజూ ఆడుకునే ఆట మాకు నేర్పండి, మాది మీకు నేర్పుతాం' అని అందులో స్పష్టంగానే ఉంది. ఆయన మాత్రం అబ్బాయిలకు బాస్కెట్‌బాల్ జెర్సీలు కుట్టించాడు. ఆ బంతి వాళ్ళ చేతికొచ్చి వారమైనా కాలేదు.

ఆటల టీచరమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఈ బడిలో రోజూ ఆడే ఆటంటే తొక్కుడుబిళ్ళే. అదీ ఆడపిల్లలు, మరుగుదొడ్ల పక్క సందులో. మైదానం ఎప్పుడూ అబ్బాయిలదే. వీళ్ళకూ అందులో కాస్త చోటివ్వమని ఆమె రెండేళ్ళుగా అడుగుతూనే ఉంది.

తొక్కుడుబిళ్ళే చూపిద్దామని ఆమె అంటే, "అదీ ఒక ఆటేనా అమ్మా? పరువు తీస్తారా?" అని హెడ్మాస్టరు కొట్టిపారేశాడు. "రేపు పొద్దున్నే తెల్లరంగుతో కోర్టు గీయించండి. పదింటికి ఆ దేశం పిల్లలు వీడియో కాల్‌లో తెర మీదకొస్తారు."

"అలాగే సార్," అంది టీచరమ్మ. గీయించింది కూడా. కాకపోతే రంగు డబ్బా, కుంచె తీసుకెళ్ళి బుడంకాయ చేతిలో పెట్టింది. బుడంకాయంటే ఆరో తరగతిలో అందరికంటే పొట్టి పిల్ల, నోరు మాత్రం అందరికంటే పెద్దది. ముందురోజు ఆటలో అవుటైంది అదే. అవుటైనవాళ్ళే మర్నాటి గళ్ళు గీయాలన్నది ఆ సందులో చట్టం. ఎంత ఏడ్చినా మినహాయింపు లేదు.

పది కొట్టేసరికి మైదానం నడిమధ్యన ఎనిమిది గళ్ళు తళతళలాడుతున్నాయి. వరండాలో పెట్టిన తెర మీద అవతలి పిల్లలు కేరింతలు కొడుతూ తమ గచ్చు మీద సుద్దముక్కతో అవే గళ్ళు గీసుకుంటున్నారు. హెడ్మాస్టరు నిప్పు తొక్కినవాడిలా పరుగెత్తుకొచ్చాడు.

"ఎవరు చేశారిది?"

"నేనే సార్." టీచరమ్మ ఉన్నచోటు నుంచి కదల్లేదు. "వాళ్ళు అడిగింది ఇదే. చెరపాలంటే మీరే చెరుపుకోండి. నేను మాత్రం చెరపను."

ఆయన కోపంగా ఇంకో అడుగు ముందుకేశాడు.

"అవుట్!" అని అరిచింది బుడంకాయ. ఆయన బూటు తడి గీత మీద ఉంది. తెరలోంచి అవతలి పిల్లలు కూడా "అవుట్! అవుట్!" అంటూ గోల అందుకున్నారు.

టీచరమ్మ నవ్వు దాచుకోలేదు. బుడంకాయ తిన్నగా వెళ్ళి ఆయన చేతిలో కుంచె పెట్టింది.

"రేపటి గళ్ళు మీరే గీయాలి సార్. ఇక్కడే."