ఎడమకాలు ఆగిన చోట

పొద్దున ఎనిమిదింటికి ఆమె వర్క్‌షాపు తాళం తీస్తుంది. ముందు కిటికీలు, తర్వాత ఫ్యాను, ఆ తర్వాత ప్లాస్టరు పొడి డబ్బా మూత. నడుముకి ఆప్రాన్ కట్టుకుని, నిన్న పోసిన అచ్చు ఆరిందో లేదో గోటితో తట్టి చూస్తుంది. ఆరిన అచ్చు ఒకలా పలుకుతుంది, పచ్చిది ఇంకోలా. కాళ్ళు పోయినవాళ్ళకి కాళ్ళు చెయ్యడం ఆమె పని. తొమ్మిదేళ్ళ కిందట ఈ దేశం వచ్చిన దగ్గర్నుంచి, పెద్దాసుపత్రి వెనక ఉన్న ఈ రెండు గదుల్లోనే చేస్తోంది.

అందరూ ఆమెని కాళ్ళమ్మ అంటారు. మొదట్లో ఓ ముసలాయనకి ఆమె పేరు నోరు తిరక్క అన్నమాట అది. అలాగే అతుక్కుపోయింది. జీతం కాగితం మీద తప్ప అసలు పేరు ఎవరికీ గుర్తులేదు.

ఆమె చేసిన కాలికి ఒక గుణం ఉంది. అప్పుడప్పుడు అది మనిషి వెళ్దామనుకున్న చోటికి కాకుండా, మనసు ఉన్న చోటికి వెళ్తుంది. ఒక రిటైరైన కండక్టరు కూరగాయలకని బయల్దేరితే, నాలుగు వీధుల అవతల అక్క ఇంటి ముందు నిలబెట్టింది. పదకొండేళ్ళుగా మాటల్లేని అక్క. ఖాళీ సంచీతోనే తలుపు కొట్టాడాయన. ఒక బ్యాంకు కాపలాదారుని రోజూ పక్కనున్న బేకరీలోకి తీసుకుపోతుంటే, నెల రోజులు చూసి బ్యాంకువాళ్ళే ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసిచ్చి పంపేశారు. ఇప్పుడక్కడ రొట్టెలు కాలుస్తున్నాడు. ఊళ్ళో దీన్నెవరూ వింతగా చెప్పుకోరు. ఆఫీసుల్లో ఆలస్యానికి కారణం రాసే గడిలో ‘కాలు’ అని రాస్తే చాలు, పై అధికారి సంతకం పెట్టేస్తాడు.

కాళ్ళమ్మ భర్త మున్సిపల్ కొలనులో పిల్లలకి ఈత నేర్పేవాడు. భార్య వీసా మీద వచ్చినవాడు కాబట్టి ఆయన పని చేసుకోవడానికి విడిగా ఒక అనుమతి ఉండేది. ఎనిమిదేళ్ళ కూతురు చిట్టి ఇక్కడే పుట్టింది. ముగ్గురికీ రెండు గదుల ఇల్లు. బాల్కనీలో ఎప్పుడూ ఆరుతూ ఉండే ఈత తువ్వాళ్ళు. వాళ్ళ సంసారం అలా సాఫీగానే నడుస్తుండగా ఒక సోమవారం కొత్త నియమం వచ్చింది.

బయటి దేశాలనుంచి వచ్చి పని చేసేవాళ్ళని ప్రభుత్వం రెండు జాబితాలుగా విడదీసింది. మొదటి జాబితాలో ఉన్నవాళ్ళు కుటుంబంతో ఉండొచ్చు. రెండో జాబితావాళ్ళు ఉండొచ్చు, కానీ ఒంటరిగానే. భర్తలూ భార్యలూ పిల్లలూ అరవై రోజుల్లో వెళ్ళిపోవాలి, ఈలోపల పని కూడా చెయ్యకూడదు. డాక్టర్లు మొదటి జాబితాలో ఉన్నారు. కాళ్ళు చేసేవాళ్ళు, ‘చేతిపనులు’ అనే శీర్షిక కింద, రెండోదాంట్లో ఉన్నారు.

ఆమె ఆ కాగితం పట్టుకుని వీసా ఆఫీసుకి వెళ్ళింది. టోకెను తీసుకుని రెండు గంటలు కూర్చుంది. కిటికీ అవతల గుమాస్తా మర్యాదస్తుడు. మీకేం ఇబ్బంది లేదు మేడమ్, మీ వీసాకి ఇంకా మూడేళ్ళు గడువుంది, ఆ ఇద్దరి సంగతే, అని ఓపిగ్గా చెప్పాడు.

“ఆ ఇద్దరూ వేరు, నేను వేరు అని ఇందులో ఎక్కడుందో చూపించండి,” అంది ఆమె.

గుమాస్తా నిజంగానే కాగితం తిరగేసి వెతికాడు. దొరకలేదు. జాబితాల మీద ఏడు వారాల తర్వాత ఒక సమీక్ష ఉందనీ, అభ్యంతరం ఉంటే రాసివ్వొచ్చనీ, అయితే దానిమీద ఆశ పెట్టుకోవద్దనీ చెప్పాడు. ఆమె అక్కడే నిలబడి ఒక పేజీ రాసింది. ఏడుపూ బతిమాలడమూ లేవు అందులో. తొమ్మిదేళ్ళలో తను చేసిన కాళ్ళు ఆరువందల పన్నెండనీ, చేతిపని అన్నందుకు బాధ లేదనీ, చేతులున్నవాళ్ళకి ఇల్లు కూడా ఉంటుందనీ రాసి ఇచ్చి వచ్చేసింది.

ఇంట్లో భర్త అప్పటికే లెక్కలు వేసుకుని కూర్చున్నాడు. తనూ చిట్టీ వెళ్ళిపోతే, ఆమె మూడేళ్ళూ ఉండి రావచ్చు. పిల్లని తను చూసుకోగలడు. ఇక్కడ ఆమె కోసం ఎదురుచూసేవాళ్ళు అంతమంది ఉన్నారు కదా, వాళ్ళ గతేం కాను.

“ఊళ్ళోవాళ్ళందరి నడకా నేను దగ్గరుండి సరిచెయ్యాలి, నా కూతురి నడక మాత్రం ఫోన్లో చూడాలి. అంతేనా నువ్వనేది?” అంది ఆమె.

యాభై ఎనిమిదో రోజుకి మూడు టికెట్లు తీసుకున్నారు. ఆమె ఆసుపత్రిలో చెప్పేసింది. మొదలుపెట్టినవన్నీ పూర్తి చేసే వెళ్తానంది. ఆ మాట విని పేషెంట్లు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. ఒకరికి మరలు బిగించాలి, ఒకరికి తోలుపట్టీ మార్చాలి. ఏ పనీ లేనివాళ్ళు కూడా, కాలు ఇటే వచ్చిందండీ అంటూ వచ్చి బెంచీ మీద కూర్చునేవారు.

అప్పుడు వచ్చింది జాబితాల అధికారి.

యాభై దాటిన మనిషి. ముడి వేసిన జుట్టు, ఇస్త్రీ మడత చెదరని బట్టలు. ఆరునెలల కిందట కారు ప్రమాదంలో ఎడమకాలు మోకాలి కింద పోయింది. బయట కొన్న రెడీమేడ్ కాలు పెట్టుకుని ఆఫీసు మెట్లమీద రెండుసార్లు పడింది. మూడోసారి పడటం ఇష్టంలేక ఇక్కడికి వచ్చింది. ఆ రెండు జాబితాలూ తయారుచేసింది ఈవిడేననీ, సమీక్ష తర్వాత అవి ఖాయం కావాలంటే ఈవిడ సంతకమే కావాలనీ, వర్క్‌షాపు చూసుకునే పెద్దసారు కాళ్ళమ్మని పక్కకి పిలిచి చెప్పాడు. చెప్పి ఊరుకోక, కాస్త నెమ్మదిగా చెయ్యమ్మా, తొందరేముంది, మీ టికెట్ల తేదీ దాటిపోతే ఆవిడే మీవాళ్ళ వీసాల సంగతి చూసుకుంటుంది, అని సలహా కూడా ఇచ్చాడు.

కాళ్ళమ్మ ఆ సలహా విని వెళ్ళి ప్లాస్టరు కలిపింది.

అధికారి బల్లమీద కూర్చుని, తడి పట్టీలు కాలికి చుడుతుంటే ముందే చెప్పేసింది, ఇక్కడ నియమాల గురించి మాట్లాడటం తనకి ఇష్టం లేదని. నాకూ లేదు, కదలకుండా కూర్చోండి, అంది కాళ్ళమ్మ. కాసేపటికి అధికారే మళ్ళీ మాట్లాడింది.

“మీ కాళ్ళ గురించి విన్నాను. నాకు అలాంటిది వద్దు. నేను ఎటు చెబితే అటు వెళ్ళేది చెయ్యండి.”

“అలాంటివి స్టోర్‌లో అలమారా నిండా ఉన్నాయి మేడమ్. మీరు పడింది కూడా దాంతోనే. కావాలంటే ఇప్పుడే తెప్పిస్తాను.”

ప్లాస్టరు గట్టిపడి వెచ్చబడేదాకా అధికారి ఆలోచించింది. “వద్దు. మీదే చెయ్యండి,” అంది.

ఇంట్లో ఈ సంగతి చెబితే భర్త నవ్వాడు. నవ్వుతూనే, ఆ కాలి చెవిలో మన గురించి ఒక్క మాట వేస్తే పోలా, అన్నాడు. ఆమె కూడా నవ్వింది కానీ, తర్వాత చాలాసేపు చేతులు కడుక్కుంటూ సింకు దగ్గరే నిలబడిపోయింది. వెయ్యగలదేమో. ఎప్పుడూ ప్రయత్నించలేదు. కానీ తన కోరిక కలిపి పోసిన కాలు తన కాలవుతుంది గానీ ఆవిడ కాలు కాదు. అలాంటి కాలితో ఎవరైనా కుంటుతారు. కుంటే కాలు చేసి ఈ దేశం నుంచి వెళ్ళడం ఆమెకి ఇష్టం లేదు.

అందుకని మిగతా అన్ని కాళ్ళలాగే చేసింది. అచ్చు పోసి, ఎముక తగిలేచోట ఆకురాయితో సన్నగా అరగదీసి, తొడుగు చేసి, పాదం బిగించింది. చెక్క కడ్డీల మధ్య మూడుసార్లు నడిపించింది. మొదటిసారి మడమ ఎత్తు ఎక్కువైంది. రెండోసారి పాదం రవ్వంత బయటికి తిరిగింది. మూడోసారి అధికారి కడ్డీలు వదిలేసి, గోడకున్న అద్దం దాకా వెళ్ళి, తనని తాను పైనుంచి కిందదాకా చూసుకుని వెనక్కి వచ్చింది. బ్యాగులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకుంది. అది యాభయ్యో రోజు. చెప్పిన గడువుకి ఒక్క రోజు కూడా అటూఇటూ కాలేదు.

మర్నాడు పొద్దున అధికారి ఆఫీసుకి నడిచే వెళ్దామని కారు వద్దంది. కాలు ఆమెని ఆఫీసు దాటించి, రైలు స్టేషనుకి తీసుకెళ్ళి, మూడో ప్లాట్‌ఫారం చివర బెంచీ దగ్గర నిలబెట్టింది. చిన్నప్పుడు ఆరునెలలకొకసారి ఆమె అక్కడ కూర్చునేది. దూరపు గనుల్లో పని చేసే తండ్రి వచ్చే బండి కోసం. ఆ గనుల ఊళ్ళో పనివాళ్ళ కుటుంబాలని ఉండనిచ్చేవారు కాదు. తండ్రి దిగేవాడు, ప్రతిసారీ ఆమె ఎంత పొడుగైందో చూసి కొత్తమనిషిలా బెరుకుపడేవాడు, పదిరోజులుండి వెళ్ళిపోయేవాడు. ఈ సంగతి ఆమె తన దగ్గర పనిచేసే ఎవరికీ చెప్పలేదు. నిజానికి చాలా ఏళ్ళుగా తనకి తాను కూడా చెప్పుకోలేదు. పావుగంట కూర్చుని లేచి ఆఫీసుకి వెళ్ళి, ఆలస్యానికి కారణం గడిలో ‘కాలు’ అని రాసింది.

యాభై మూడో రోజు సమీక్ష జరిగింది. పొడుగాటి బల్ల, ఏడుగురు సభ్యులు, నీళ్ళ గ్లాసులు. వచ్చిన అభ్యంతరాలని ఒకాయన గబగబా చదివాడు. మార్పులేవీ అక్కర్లేదని తేల్చారు. ఇక సంతకమే. సంతకాల పుస్తకం గదికి ఆ చివర చిన్న బల్లమీద ఉంది. అధికారి కుర్చీలోంచి లేచి కుడికాలు ముందుకు వేసింది. ఎడమకాలు రాలేదు.

ఆమె మళ్ళీ ప్రయత్నించింది. కాలు నేలకి మేకు కొట్టినట్టు ఉండిపోయింది. సభ్యులు కుర్చీల్లో సర్దుకున్నారు. అందరిలోకీ పెద్దాయన కళ్ళజోడు పెట్టుకున్నాడు.

“కాలు రావడం లేదంటే కాగితంలోనే ఏదో ఉంది. మొదటినుంచి చదవండి,” అన్నాడు.

చదివారు. ‘చేతిపనులు’ దగ్గర ఒక సభ్యుడు ఆపి, ఇదేనేమో, కాళ్ళు చేసేవాళ్ళని రెండో జాబితాలో పెట్టాం కదా, వాళ్ళని మొదటిదాంట్లోకి మారిస్తే సరిపోతుంది, అన్నాడు. అందరికీ సబబుగానే తోచింది. కొట్టేసి రాశారు. అధికారి అడుగు వేసి చూసింది. కాలు కదల్లేదు. ఇంకెవరినైనా మార్చాలేమోనని ముసలివాళ్ళని చూసుకునే ఆయాల్ని మార్చి చూశారు. వంటవాళ్ళనీ మార్చి చూశారు. కాలు ఉన్నచోటే ఉంది.

అధికారి బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉంది. తన కాలికి ఏం కావాలో ఆమెకి స్టేషన్లోనే తెలిసింది. పైకి అనడానికే ఇంతసేపు పట్టింది.

“మూడో పేజీలో కుటుంబాల గురించి రాసిన పేరా తీసెయ్యండి. ఇప్పటికే ఇక్కడ ఉంటున్నవాళ్ళని కదిలించొద్దు, పనులు చేసుకుంటున్నవాళ్ళని చేసుకోనివ్వండి,” అంది.

అలాగైతే రెండు జాబితాలు ఎందుకని ఒకాయన అడిగాడు.

“పనికి జాబితా ఉండనివ్వండి. ఇంటికి వద్దు.”

దానిమీద గంటన్నర వాదించుకున్నారు. ఇద్దరు ఒప్పుకోలేదు, అయిదుగురు ఒప్పుకున్నారు. అంతసేపూ ఆమె కూర్చోలేదు, కూర్చోమని ఎవరూ అనలేదు. పేరా కొట్టేసి, పక్కన కొత్త వాక్యం రాశాక, ఎడమకాలు మామూలుగా ముందుకి పడింది. ఆమె గది ఆ చివరికి నడిచివెళ్ళి సంతకం పెట్టింది.

యాభై ఆరో రోజున కాళ్ళమ్మ ఇంటికి ఉత్తరం వచ్చింది. అలాంటి ఉత్తరాలు ఆ రోజు ఊళ్ళో ఎన్నో ఇళ్ళకి వచ్చాయి. భర్త గుమ్మంలోనే చింపి, రెండుసార్లు చదివి, అనుమానం తీరక చిట్టి చేత పైకి చదివించాడు. చిట్టి ‘పొడిగించడమైనది’ దగ్గర తడబడింది కానీ మిగతాదంతా గడగడా చదివేసింది. కాళ్ళమ్మ సగం సర్దిన పెట్టె తెరిచి, పిల్ల స్కూలు బట్టలు తీసి అలమారాలో పెట్టింది. తర్వాత అక్కడే మంచం మీద కూర్చుని కాసేపు ఏడ్చింది. ఆయన పక్కన కూర్చున్నాడు. మర్నాడు కొలనుకి వెళ్తే, రెండు నెలలుగా ఒడ్డున కూర్చుని ఉన్న ఈత క్లాసు మొత్తం ఒక్కసారే నీళ్ళలోకి దూకింది.

అధికారి ఆర్నెల్ల తర్వాత తనిఖీకి వచ్చింది. చేతికర్ర లేదు. బల్లమీద కూర్చుని, కాలు విప్పి తనే అందించింది. సమీక్ష గదిలో ఏం జరిగిందో ఊరంతా చెప్పుకున్నారు, కాళ్ళమ్మ కూడా విన్నది. అయినా ఆమె కృతజ్ఞతలు చెప్పలేదు, ఆవిడ ఎదురుచూడనూ లేదు. మరలు చూసి, తొడుగులో వేలు పెట్టి తడిమి, ఎక్కడైనా ఒరుసుకుంటోందా అని అడిగింది.

“ఒరుసుకోవడం లేదు,” అంది అధికారి. తర్వాత, “సెలవు పెట్టాను. మా నాన్న ఇప్పుడు తమ్ముడి దగ్గర ఉంటున్నారు. ఆదివారం వెళ్ళి నెల్లాళ్ళు ఉండి వస్తాను,” అంది.

“నడకెక్కువుంటుందా అక్కడ?”

“ఆయనకి పొద్దునే నడిచే అలవాటు. తోడు నడుస్తాను.”

కాళ్ళమ్మ బూటు తిరగేసి అడుగు చూసింది. మడమ రెండువైపులా సమానంగా అరిగింది. అలా అరగడం చాలా కొద్దిమంది బూట్లకే చూసిందామె. కాలు మళ్ళీ తొడిగి, పట్టీ బిగించి, కార్డు మీద ‘ఏమీ మార్చనక్కర్లేదు’ అని రాసి సంతకం పెట్టింది.