శ్రద్ధ తగ్గింది

బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే ఆయన వచ్చి నా ఒడిలో కాగితాల కట్ట పెట్టారు. "రేపు బాగేపల్లికి నువ్వూ రావాల. నన్ను చూస్తే ఆడపిల్లలు నోరు తెరవడంలేదు."

మా ఆయన వాసుదేవమూర్తి మైసూరు కాలేజీలో మనశ్శాస్త్రం ప్రొఫెసరు. యుద్ధం మొదలైన రెండో ఏడు, వేసవికి చిక్కబళ్ళాపురంలో అత్తగారి దగ్గరికి వచ్చాం. ఎలాంటి పిల్లలు సంతోషంగా ఉంటారు, ఎవరు బాగా చదువుతారు అని ఆయన పుస్తకం రాస్తున్నారు; దానికోసం ఊరూరా తిరిగి పిల్లల్ని ప్రశ్నలడుగుతున్నారు. తెల్లవారుజామునే వంట ముగించి, అన్నీ మూతలు పెట్టి బస్సెక్కాను. నిజం చెప్పాలంటే సంబరంగానే ఎక్కాను. పెళ్ళయిన పదిహేనేళ్ళకు ఆయన పనిలో నాకూ కాస్త చోటు దొరికిందనుకున్నాను.

బాగేపల్లిలో యశోద అనే పదకొండేళ్ళ పిల్ల, చంకలో తమ్ముణ్ణి ఎత్తుకునే జవాబులు చెప్పింది.

"సంతోషంగా ఉండావా తల్లీ?"

"ఇస్కూలుకు పోతాన్నప్పుడు ఉంటినమ్మా."

"ఎందుకు మానేస్తివి?"

"మాయమ్మ చేనికి పోతాది. వీణ్ని ఎవురు ఎత్తుకుంటారు?"

ఉన్నదున్నట్టు రాశాను. ఇంటికొచ్చాక ఆయన ఆ మాటలు కొట్టేసి, పైన 'చదువుమీద శ్రద్ధ తగ్గింది' అని రాసుకున్నారు.

"తగ్గలేదండీ. మాన్పించినారు," అన్నాను.

"అది సంసారం. మనశ్శాస్త్రం కాదు. నీకు తెలీదులే, పోయి కాఫీ తీసకరా."

కాఫీ కలుపుతూ అదే ఆలోచించాను. నాకు తెలియనిదేమిటి? ఆయన పరీక్షలకు చదివిన ఏళ్ళన్నీ ఆయన గదిలోకి మా పిల్ల ఏడుపు వినపడకుండా ఎత్తుకు తిరిగింది నేను. ఆయనకు శ్రద్ధ ఎక్కువని అందరూ మెచ్చుకున్నారు.

ఆ వారమే మా అమ్మాయి పంకజ పెద్దమనిషయింది. మైసూరు మిడిల్ స్కూల్లో తన క్లాసుకు అదే ఫస్టు.

"చదివింది చాలు. ఈడనే నా దగ్గర ఉండనీ, పని నేర్చుకుంటాది," అన్నారు అత్తగారు.

నేను ఆయన వైపు చూశాను. ఊళ్ళో పిల్లలందరి సంతోషం అడిగి తెలుసుకుంటున్న మనిషి కదా. ఆయన కాగితాల్లోంచి తలెత్తలేదు. "అమ్మ చెప్పినట్లే కానీ."

పంకజ ఏడవలేదు. తన పుస్తకాలు తనే సర్ది, ఎక్కడ పెట్టాలని నన్నడిగింది.

మర్నాడు ఆయన చింతామణికి బయలుదేరమన్నారు. "నేను రాను," అన్నాను. ఆయనతో ఆ మాట అనడం అదే మొదలు. ఆయన కోప్పడను కూడా లేదు. తన చెల్లెలు వరమహాలక్ష్మిని వెంటబెట్టుకుని వెళ్ళారు. పని ఒక్కరోజు కూడా ఆగలేదు.

జూన్‌లో కాలేజీ తెరుస్తున్నారు. ఆయనకు వండిపెట్టడానికి నేను మైసూరు పోవాలి. పోయేముందు, నాయనమ్మ చేత మాట పడకుండా ఉండాలని, పంకజను పొయ్యి ముందు కూర్చోబెట్టి గంజి వార్చడం నేర్పాను. క్లాసులో పాఠాల్లాగే, ఒక్కసారి చూపిస్తే నేర్చేసుకుంది.